గదిలో ఇమడని బాస్

ఆ ఆదివారం టిఫిను కాగానే గదిలోని సామానంతా బయట పెట్టి, కొత్త స్పీకర్లను తనివితీరా వినాలని పట్టాభి నిశ్చయించుకున్నాడు. అతను బెంగాలులోని లిలువా రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. చెవులు మాత్రం ఆస్థాన విద్వాంసుడివని అతని నమ్మకం. చాందనీ బజారులో ఎన్ని స్పీకర్లు మార్చినా మృదంగంలోని బాస్, అంటే ఆ కింది స్థాయి గంభీర నాదం, అతనికి తలుపు బాదినట్టే వినిపించేది. ఈసారి బీరువాలంతవి తెచ్చాడు. తలుపు బాదేవాడికి బలం పెరిగింది, అంతే. లోపం స్పీకర్లది కాదు, గదిలోని సామానుదని పట్టాభి తేల్చాడు.

"ఏటండీ, మంచం కూడా ఈదిలోకేనా?" అంది భార్య సుందరి.

"బాస్‌కి అడ్డమే."

"మరి నానో?"

పట్టాభి ఆలోచనలో పడ్డాడు. అతను ఆలోచించడం చూసి సుందరి విసవిసా వీధిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని ఏడుపు లంకించుకుంది.

ఎదురింటి అప్పలకొండమ్మకు అంతకంటే ఏం కావాలి? "అయ్యో, కోటర్సు కాలీ సేయించేస్తన్నార్రా!" అని వీధంతా చాటింది. యూనియన్ నాయకుడు గవరయ్య ఎర్రజెండాతో, జనంతో దిగాడు. లోపల పాట హోరులో పట్టాభికి ఇవేవీ వినపడలేదు. గవరయ్యే వెళ్ళి భుజం తట్టాడు.

"బయపడకు పట్టాభీ. ఈ పని ఎవుడు సేసినాడు?"

"నానే సేసినానండి, బాస్ కోసం."

"బాస్ కోసవా!" గవరయ్య కళ్ళెర్రబడ్డాయి. "ఏటంటాడు ఆ బాసు?"

"గదిలో ఇమడనంటన్నాదండి."

గవరయ్య బయటికొచ్చి పిడికిలెత్తాడు. "ఇన్నారా? ఆపీసరుకి ఇల్లు సాలక మనోడి మంచం ఈదిలో పడీసినారు! బాసు జులుం..."

"చొల్బే నా! చొల్బే నా!" అని, చెల్లదు చెల్లదంటూ బెంగాలీ సోదరులు అందుకున్నారు.

అంత జనానికి గొంతు చాలలేదు. మైకు క్లబ్బులో ఉంది, స్పీకరు పెట్టెలు లేవు. గవరయ్య చూపు గదిలోని బీరువాలంత స్పీకర్ల మీద పడింది. "దాదా, ఇవీ, ఆంప్లిఫయరూ తెండి!" అని ఒక బెంగాలీ సోదరుడితో అన్నాడు. పట్టాభి ఒక పెట్టెను కావలించుకున్నాడు. అతన్నీ పెట్టెతో పాటే మోసుకొచ్చి వీధిలో దించారు.

గవరయ్య క్లబ్బు నుంచి తెప్పించిన మైకులో "కామ్రేడ్స్!" అన్నాడు. పట్టాభి బిగుసుకుపోయాడు. నాలుగు గోడలూ లేని చోట ఆ గొంతు నిండుగా, నిర్మలంగా, ఏ మోతా లేకుండా వచ్చి గుండెకు తగిలింది. ఇన్నేళ్ళుగా వెతుకుతున్న బాస్ ఇదే. బొటబొటా కన్నీళ్ళు కార్చాడు. అది చూసి జనమూ కళ్ళు తుడుచుకున్నారు. ఈ లోగా సుందరి ఖాళీ గదిలోకి మంచం లాగించుకుని గడియ పెట్టుకుంది.

స్పీకర్లను పోరాట అవసరాలకని యూనియన్ తనే ఉంచేసుకుంది. ఆ తర్వాత ప్రతి సభకూ పట్టాభి అందరికంటే ముందు వచ్చి, రెండు పెట్టెలకూ సరిగ్గా మధ్యన నిలబడి, కళ్ళు మూసుకుని చివరిదాకా వినేవాడు. ఎవరేం మాట్లాడారో ఒక్కనాడూ గమనించలేదు.

అంతటి నిబద్ధత గల కార్యకర్త లిలువాలో మరొకడు లేడని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.