నూట ముప్ఫై గ్రాముల హానికర జంతువు

హనెజావా ఊళ్లో ఏ ప్రాణీ పుట్టినంత మాత్రాన పుట్టినట్టు కాదు; కాగితం మీద ఎర్రసిరా పేరుముద్ర పడాలి. చచ్చినా అంతే. ఈ సంగతి మనుషులకు ఊహ తెలిసినప్పుడే తెలుస్తుంది. కుందేళ్లకు ఇంకా తెలియజేయలేదు (ఆ ప్రకటన ముసాయిదా దశలో ఉంది).

జూన్ మొదటి ఆదివారం నుకుమి వాడలో ఉమ్మడి గడ్డికోత. సకుజి తాత కోతయంత్రం కింద ఒక తల్లి కుందేలు పడింది. పక్కనే క్లోవర్ గుబురులో, అన్నం ముద్దంత పిల్ల ఒకటి కళ్లు తెరుచుకుని కూర్చుని ఉంది. దాన్ని చూసింది మినోరి. పదిహేనేళ్ల పిల్ల, బడిలో మాస్టారు పేరు పిలిస్తే బల్లకు జవాబు చెప్పే రకం. మెడలోని తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చేసింది.

అడవి జంతువును అనుమతి లేకుండా ఇంట్లో ఉంచడం నేరం. అందుకని మర్నాడు నానమ్మ ఫుసానో ఆమెను ఊరి కార్యాలయానికి తరిమింది. కుడి కిటికీలో వన్యప్రాణి రక్షణ విభాగం. చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టుకుని ఇసోగై గారు కూర్చున్నారు.

"అడవి పిల్లల్ని ముట్టుకోకూడదమ్మా. ఎక్కడిది అక్కడ పెట్టేస్తే తల్లే వచ్చి పాలిస్తుంది."

"తల్లి... చచ్చిపోయిందండీ."

"మరణ ధ్రువీకరణ తెచ్చారా?"

"పూడ్చేశామండీ."

"ధ్రువీకరించకుండానే?" ఇసోగై గారి ముఖంలో నిజమైన విషాదం కనిపించింది (పత్రం గురించి). "అయితే దీన్ని అనాథ అనలేం. తల్లి హాజరు కాని కుందేలు, అంతే. ఎడమ కిటికీకి వెళ్లండి."

ఎడమ కిటికీలో ఎవరూ లేరు. ఇసోగై గారు ఆకుపచ్చ పట్టీ విప్పి, పసుపు పట్టీ కట్టుకుని, రెండు కుర్చీలు జరిగి వచ్చారు. మినోరిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అడిగారు. "ఏం పని మీద వచ్చారమ్మా?"

ఇది పంటనష్ట జంతువుల నివారణ విభాగం.

"బరువెంత?"

"నూట ముప్ఫై గ్రాములండీ."

"నూట ముప్ఫై గ్రాముల హానికర జంతువు," అని ఆయన రాసుకున్నారు. "వేటగాళ్ల సంఘానికి అప్పగించాలి."

"వాళ్లేం చేస్తారండీ?"

"నివారిస్తారు." పద్నాలుగో నిబంధన ప్రకారం, జంతువు ఇంట్లో ఉంటే, వాడలోని పదకొండు ఇళ్లూ అభ్యంతరం లేదని ముద్ర వేశాకే అప్పగింత. అప్పటిదాకా అది ఉన్నచోటే ఉండాలి. "మీ వాడ నోటీసు పలక ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?"

"మూడు రోజులకండీ."

ఇసోగై గారు నమ్మకం లేనట్టు దాన్ని పెన్సిల్‌తో రాసుకున్నారు.

ఇంటింటికీ వరసగా తిరిగే ఆ పలకకు ఇసోగై గారి కాగితం బిగించి, నానమ్మ దాన్ని పొయ్యి పక్కన పెట్టింది. మినోరి పిల్లను నిటారుగా పట్టుకుని, మేకపాలు చుక్క చుక్కగా తాగించి, తడి దూదితో దాని పొట్ట కింద తుడుస్తోంది. తల్లి నాలుకతో చేసే పని అది. చేయకపోతే పిల్లకు ఉచ్చ రాదు.

"అది గడ్డి నమిలి, తన కాళ్ల మీద పరిగెత్తడానికి ఎన్నాళ్లే?"

"నెల పట్టొచ్చు నానమ్మా."

"పలకేమో మూడు రోజులు. నీకు లెక్కలొచ్చు కదే, మొద్దూ!"

ఆ సాయంత్రం నానమ్మ పలకను స్వయంగా రెండో ఇంటికి మోసుకెళ్లి, గంటన్నర మాట్లాడి వచ్చింది. ఆ తర్వాత వాడలో ఒక అంటురోగం మొదలైంది. రెండో ఇంటివాళ్లు పలకను లోపల పెట్టి, తాళం వేసుకుని వేడినీటి బుగ్గలకు వెళ్లారు. నాలుగో ఇంట్లో దాని మీద మిసో పులుసు ఒలికింది, ఆరాలి కదా. ఆరో ఇంటావిడ ఆ రోజు అశుభమని ఆగింది. మర్నాడు శుభదినం కనుక, అంత మంచి రోజును ఇలాంటి పనికి వాడకూడదని మళ్లీ ఆగింది.

పద్దెనిమిదో రోజు పలక ఎనిమిదో ఇంటికి చేరింది. అది సకుజి తాతది. తాత పలక అందిన నిమిషంలో ముద్ర కొట్టే మనిషి. పైగా సోయా మొలకలు కొరుకుతాయని కుందేళ్లంటే పడదు. ఆయన దగ్గరికి వెళ్లి మాట్లాడటానికి నానమ్మే జంకింది. మినోరి వెళ్లింది.

తాత ముద్ర పట్టుకునే ఉన్నాడు.

"ఎవరూ, నువ్వా? నీకు నోరుందా అసలు?"

"తాతా..." అంది మినోరి చాపతో. "అది ఇవాళ ఆకు తింది. మొదటిసారి."

"ఏ ఆకు? నా సోయా ఆకేనా?"

"కాదు తాతా. క్లోవర్."

తాత బయట గట్టు వైపు చూశాడు. ఆ ఆదివారం తర్వాత ఆయన కోతయంత్రం బయటికి తీయలేదు. ఇంటి గట్టున గడ్డి మోకాలెత్తు పెరిగింది (నుకుమిలో దీనికంటే దొంగతనం నయం). తాత ముద్రను చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నా ముద్ర కనబడటం లేదు," అన్నాడు. "ఎక్కడ పెట్టి చచ్చానో. పది రోజులు వెతకాలి. ఇంట్లో సామాను ఎక్కువ."

మినోరి ఆయన జేబు వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెద్దవాళ్ల ముఖం చూసి అబద్ధమాడింది.

"అవును తాతా. ఎక్కడా లేదు."

ఇరవై తొమ్మిదో రోజు కుందేలు పెట్టెలోంచి దూకి, వసారా దాటి, గట్టు వెంట వెనక్కి చూడకుండా పోయింది. మినోరి ఏడ్చింది, నవ్వింది, పాల సీసా కడిగి బోర్లించింది. ఆ రాత్రికే మిగతా ఇళ్ల ముద్రలన్నీ పడ్డాయి. మర్నాడు పలక కార్యాలయానికి చేరింది. 'ఇతర వివరాలు' అన్నచోట నానమ్మ రాసింది: "జంతువు ప్రస్తుతం ఇంట్లో లేదు."

ఫిబ్రవరిలో కార్యాలయం నుంచి మందపాటి కవరు వచ్చింది. మినోరి ముట్టుకోకపోతే నానమ్మే చింపింది. లోపల బంగారు అంచు అభినందన పత్రం. ఒక విషయంపై వాడ మొత్తం ముప్ఫై రోజుల్లో జవాబివ్వడం ఈ కార్యాలయ చరిత్రలోనే అత్యంత వేగమనీ, మిగతా వాడలు నుకుమి చురుకుదనాన్ని ఆదర్శంగా తీసుకోవాలనీ అందులో ఉంది.