ఖాళీ డబ్బా బరువు

ఈ ప్రపంచంలో ఏ పదార్థమైనా ఉండవచ్చు, లేకపోవచ్చు. దాన్ని పారేసినట్టు సర్టిఫికెట్ మాత్రం ఉండి తీరాలి. విశ్వవిద్యాలయం వారి పరిశోధన వ్యర్థాల విభాగం ఈ సూత్రం మీదే నిలబడి ఉంది.

నడికుడి లారీ మెకానిక్ మహమూద్ కూతురు మెహ్జబీన్ అణుకేంద్రకాల మీద థీసిస్ రాసింది. కొన్ని తేలికపాటి కేంద్రకాల్లో ఒకటో రెండో న్యూట్రాన్లు మిగతావాటికి దూరంగా తిరుగుతుంటాయి. అలాంటి కేంద్రకంలో శక్తి ఎక్కువైతే కాస్త వెలుగు వదిలి కుదుటపడుతుంది. అదెంతసేపట్లో అన్నదే ఆమె లెక్క. చేసిందంతా కాగితం మీద, కంప్యూటర్లో. శుక్రవారంలోగా వ్యర్థాల విభాగం సర్టిఫికెట్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ల కష్టం మట్టిపాలు.

విభాగం పోర్టల్ మాత్రం రేడియేషన్ పదార్థాన్ని ఎక్కడ పారేశారని అడిగింది. లేదని రాస్తే ఎర్రబడింది. (లేదనే జవాబును విభాగం ఇంకా మంజూరు చేయలేదు.)

గురువారం తనిఖీ అధికారి తిరుపతిరావు గారు స్వయంగా ఇంటికొచ్చి పదార్థం చూపించమన్నారు. అది ఎక్కడో పుట్టినా కనురెప్ప పడేలోపే అయిపోతుందని మెహ్జబీన్ చెప్పింది. మూడేళ్లు దాచాల్సిన దాన్ని ఎవరి అనుమతితో అయిపోనిచ్చావని ఆయన నొచ్చుకున్నారు. దూరంగా తిరిగే ఆ న్యూట్రాన్ ఏ ఇంటి లెక్కలోకొస్తుందని కూడా అడిగారు.

"మా కొడుకు ఫహీమ్‌గాడి బాపతే సార్," అన్నాడు మహమూద్, చేతి గ్రీజు తుడుచుకుంటూ. "పేరు మా రేషన్ కార్డులో, పడక లారీలో."

తిరుపతిరావు గారికి సైన్సంతా ఒక్కసారే అర్థమైంది. మనసు కరిగి, ఒక డబ్బాకు సీలేసి అప్పగిస్తే చాలన్నారు. తల్లి హజ్రా బీ ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చింది. ఆయన ఫోన్లోని యాప్ బరువడిగింది. సున్నా కొడితే ఒప్పుకోలేదు.

"ఏదో ఒకటి ఎయ్యమ్మా. చానామంది ఏసేది అదే," అన్నారాయన.

మెహ్జబీన్ డబ్బా వంక చూసింది. తెల్లారితే శుక్రవారం. గడప పక్కనున్న నాపరాయి ముక్క తీసి అందులో వేసింది. టీ చల్లారకముందే సర్టిఫికెట్ వచ్చింది. తర్వాత పట్టా కూడా వచ్చింది. మహమూద్ షెడ్డు ముందు లడ్డూలు పంచాడు.

కొన్నాళ్లకు విభాగం నుంచి నోటీసు అందింది.

"మీరు అప్పగించిన పదార్థాన్ని నిపుణుల కమిటీ పరిశీలించింది. అది నేటికీ వెలుగు వదలలేదు, తరగనూ లేదు. మీ సిద్ధాంతం తప్పని రుజువైనందున పట్టా రద్దు చేయడమైనది. సదరు పట్టాను సీలు వేసిన డబ్బాలో అప్పగించగలరు. బరువు సున్నా కారాదు."