కంపెనీ బంద్

ఆ సోమవారం మెకానిక్ అబ్రహాం అనుకున్నది చిన్న పనే. సూర్యాపేటలో స్పేర్ పార్టుల దుకాణం నడిపే ధన్‌సింగ్‌కు ఫోన్ చేసి, ఒక గేరు చక్రం బస్సులో వేయించుకోవాలి. మధ్యాహ్నానికల్లా డాక్టరు జానకమ్మ ఇంగ్లండ్ కారును నడిపి చూపించాలి. లేకపోతే కొత్త చిన్న కారు తెచ్చుకుంటానని ఆమె చెప్పేసింది. కోదాడలో మిగిలిన ఇంగ్లండ్ కారు అదొక్కటే. మరో రకం బండి విప్పడం అబ్రహాంకు రాదు, నేర్చుకోవాలనీ అనిపించలేదు. ఇరవై ఏళ్లుగా ఆ కారు ఆగినప్పుడల్లా అతను తప్పును డ్రైవరులో వెతికాడు, రోడ్డులో వెతికాడు, పెట్రోలులో వెతికాడు. కారులో మాత్రం వెతకలేదు.

ఎస్టీడీ బూత్‌లో లైను గరగరమంది.

"అబ్రహామన్నా, ఇగ ఆ కారు కంపెనీ బంద్," అన్నాడు ధన్‌సింగ్.

"బందా? ఇయ్యాల్టి నుంచేనా?" అవతలికి వినపడదేమోనని అబ్రహాం గట్టిగా అడిగాడు.

వెనకాల తన వంతు కోసం నిలబడ్డ బట్టల కొట్టు కాటయ్య, ఫోన్ సంగతి మరిచి పరుగెత్తి షట్టరు దించాడు. అతన్ని చూసి పక్క కొట్టు, దాన్ని చూసి ఎదుటి హోటలు. బంద్‌కు పిలుపిచ్చిందెవరని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో అడిగినవాడి అద్దాలే ముందు పగిలేవి.

మిర్యాలగూడలో లేతు మిషన్ పెట్టుకున్న ఏసుపాదం పాత చక్రం చూసి కొత్తది చేసిస్తాడని ధన్‌సింగ్ చెప్పాడు. అబ్రహాం అరిగిన చక్రాన్ని సంచిలో వేసుకుని బస్టాండు చేరేసరికి బస్సులన్నీ డిపోలోకి వెళ్లిపోయాయి. అసలు బంద్ లేదని, మూతపడింది కంపెనీ అని అతను కాటయ్యను పట్టుకుని చెప్పి చూశాడు.

"ఇంగ్లండ్ల కంపెనీ బందయితే గీడ బస్సులెందుకు ఆగినయే?" అన్నాడు కాటయ్య. "జర నీ షెడ్డు గూడ మూసుకో. అందరిదొక తొవ్వ, నీదొక తొవ్వనా?"

అబ్రహాం మూసుకున్నాడు. ఆ బంద్ అబద్ధమని ఊళ్లో తెలిసినవాడు తానొక్కడే. అయినా తాళం వేస్తూ, ఆలస్యమైందని ఎవరైనా చూస్తున్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మిట్టమధ్యాహ్నం జానకమ్మ షెడ్డు దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. జరిగిందంతా విని నవ్వలేదు.

"పేపర్లో చదివాను అబ్రహాం. అక్కడ పనివాళ్లు మాటిమాటికి సమ్మెలు చేశారట. కంపెనీ దొరలేమో ముప్పై ఏళ్లపాటు పాత మిషన్లే తిప్పారట. తప్పు మీదంటే మీదని కొట్టుకుంటుంటే జపాన్ కారు వచ్చి ముందు నిలబడింది."

"అంటే కారుల తప్పు లేనట్టే గదమ్మా," అన్నాడు అబ్రహాం.

ఆమె అతన్ని, మందు రాయాలా వద్దా అని రోగిని చూసినట్టు చూసింది. తర్వాత, ఆ కారు నువ్వే తీసుకుపో, ఊరికే, అని చెప్పి వెళ్లిపోయింది.

బుధవారం ఆమె వాకిట్లోకి కొత్త కారు వచ్చింది. పాతదాన్ని ఎనిమిది మంది కలిసి షెడ్డుకు తోశారు. ఓనరూ మెకానిక్కూ ఒక్కడే కావడంతో, ఆ రోజు నుంచి దానిమీద ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి.