నాలుగు చేతుల డ్రమ్మరు

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. భార్య పాటలో ఆలస్యంగా పడిన ఒకే ఒక్క డ్రమ్ము దెబ్బను వెంట్రుకవాసి ముందుకు జరపాలి, ఆ తరువాత కాఫీ తాగాలి.

భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆయనకు ఇప్పుడు వెనకగదిలోని కంప్యూటరే ప్రయోగశాల. ఆయన భార్య ఇన్నేళ్ళూ ఇతరులు కట్టిన పాటలే పిల్లలకు నేర్పింది. తొలిసారిగా తానే ఒక పాట కట్టి, ఊళ్ళో కొత్త సంగీతశాల ప్రారంభోత్సవానికి పంపబోతున్నది. ఎన్ని పాటలు వచ్చినా ఎంపిక సంఘం తీసుకునేది ఒక్కటే. పంపడానికి ఆ మధ్యాహ్నమే గడువు. డ్రమ్ములు వాయించినవాడు ఆవిడ తమ్ముడు. హోటల్ ఆర్కెస్ట్రాలో అతన్ని అందరూ ‘తుఫాను’ అంటారు. తాళం తప్పావన్న వారితో తుఫాను ఏడాదిపాటు మాట్లాడడు. అందుకే మాస్టారు ఈ మరమ్మతును మూడో కంటికి తెలియకుండా ముగించదలచారు.

మార్గం సులువైనదే. తుఫాను వాయించిన ఎలక్ట్రానిక్ ప్యాడ్ల నుంచి కంప్యూటర్‌లోకి చేరింది శబ్దం కాదు, మిడి. అంటే ఏ డ్రమ్మును ఎప్పుడు, ఎంత గట్టిగా కొట్టాలో చెప్పే ఆదేశాల వరుస. తెర మీద ఒక్కో డ్రమ్ముకు ఒక్కో అడ్డవరుస, ఒక్కో దెబ్బకు ఒక్కో రంగు గడి. గడిని మౌస్‌తో జరిపితే దెబ్బ జరుగుతుంది.

మాస్టారు ఒక గడిని జరిపారు. వెంటనే దాని పక్కది ఆలస్యమనిపించింది. దాన్నీ సర్దారు. ఆపైన దాని పక్కది తొందరపడినట్టు తోచింది. ఇలా ఒక్కొక్కదాన్నీ బతిమాలడం దేనికని దెబ్బలన్నిటినీ ఎంచుకుని, వాటిని తాళం గీతలకు సర్దేసే ‘క్వాంటైజ్’ నొక్కారు. అవి తలా ఒక గీత మీదికి పరుగెత్తి కవాతులో పోలీసుల్లా నిలబడ్డాయి. వినిపిస్తే పాట వెనక ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టుంది.

చేసినదాన్ని రద్దు చేసి ఉంటే గొడవ అక్కడే సమసిపోయేది. కాని పొరపాటును చెరిపివేయడం కన్నా సరిదిద్దడమే శాస్త్రీయమని మాస్టారి అభిప్రాయం. పాటకు ప్రాణం పోయాలని ఇక్కడొక కంచుతాళం దెబ్బ, అక్కడొక డ్రమ్ము దెబ్బ చేర్చసాగారు. రెండో చరణం చివర, పాట ఒక్కసారిగా పైకి లేచేచోట, పూనకాలను ఏనాడూ నమ్మని ఆయనకు అచ్చం అటువంటిదే ఏదో వచ్చింది.

“ఏమండీ, కాఫీ చల్లారిపోయింది. ఇంతసేపూ ఏం చేస్తున్నారు?” అంటూ భార్య లోపలికి వచ్చింది.

“ఏం లేదు, ఊరికే... దుమ్ము దులుపుతున్నా.”

ఆయన ఆపేలోగానే ఆవిడ మీట నొక్కింది, పాట మోగింది. రెండో చరణం చివరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో కూలబడింది. కళ్ళు చెమ్మగిల్లాయి. “ఇది మా తమ్ముడేనా! ఒళ్ళు జలదరించిందండీ. వాడిలో ఇంత ఉందని నాకే తెలీదు.”

మాస్టారు నోరు తెరిచారు. అందులోంచి మాట వచ్చే లోపల ఆవిడ పాటను పంపించి, తమ్ముడికి ఫోన్ చేసి, ఆ చోటు వినిపించేసింది.

“అక్కా,” అన్నాడు తుఫాను, “ఆ రోజు చేతులు నా మాట వినలేదే. వాటంతటవే ఆడాయి.”

“నిజం,” అన్నారు మాస్టారు. “వాటంతటవే ఆడాయి.”

భోజనాలయ్యాక సంగీతశాల మేనేజరమ్మ ఫోన్ చేసింది. “మీ పాట అందరికీ నచ్చిందండీ. కాకపోతే సంఘంలో ఒక పెద్దాయన డ్రమ్ముల సంగతి తేల్చుకోవాలంటున్నారు. కంప్యూటర్‌తో చేసినవి మేం తీసుకోం కదా. సాయంత్రం వచ్చి మా ముందు వాయిస్తారా? ఆ విన్నదాన్ని బట్టే నిర్ణయం.”

“దానికేం, భేషుగ్గా వాయిస్తాడు మా తమ్ముడు!” అన్నది ఆవిడ.

సంగీతశాలలో సాధన గది ఉంది. ముగ్గురూ ముందుగానే అక్కడికి చేరారు. తుఫాను అక్కడి డ్రమ్ముల ముందు దర్జాగా కూర్చున్నాడు. రెండో చరణం చివర ఒక డ్రమ్ము పుల్ల ఎగిరి గోడకు తగిలింది. మళ్ళీ వాయించాడు. ఈసారి రెండు పుల్లలూ ఎగిరాయి. అతడు తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“బావా, మీరు సైన్సు చెప్పారు కదా. రికార్డులో ఇక్కడ నేను ఒకేసారి నాలుగు చోట్ల కొట్టాను. కాళ్ళు రెండూ పెడల్స్ మీదున్నాయి. మరెలా కొట్టానంటారు?”

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని జరిగినదంతా చెప్పారు. “మనిషికి చేతులు రెండేనన్న విషయం నేను లెక్కలోకి తీసుకోలేదురా.”

“అంటే నేను తాళం తప్పానా?”

“ఒక్క చోటే.”

“అయితే ఇవాళ్టి నుంచి మీతో మాట్లాడను.”

“ఆ మానేదేదో రేపట్నుంచి మానేద్దువుగాని,” అన్నది అక్క. తరువాత భర్త వైపు తిరిగింది. “మీ భాషలో దుమ్ము దులపడమంటే ఇదా?”

“రెండు దెబ్బలు తగ్గించేస్తే సరిపోతుంది,” అన్నారు మాస్టారు నసుగుతూ.

“తగ్గించడానికి వీల్లేదు. వాళ్ళు విన్నది అదే, నా పాటకి కావలసిందీ అదే. పెట్టినవాళ్ళే వచ్చి కొట్టండి.”

తుఫాను రెండు పుల్లలు తీసి బావ చేతుల్లో పెట్టాడు. “రండి. మీ రెండూ మీరు కొట్టుకోండి. గీతలూ గడులూ మర్చిపోండి. అక్క ఊపిరి పీల్చగానే దెబ్బ పడాలి, అంతే.”

సాయంత్రం ఖాళీ హాలులో సంఘంవారు ముందువరుసలో కూర్చున్నారు. చివర చేతులు కట్టుకున్న పెద్దాయన. మాస్టారు డ్రమ్ముల వెనక, తుఫాను పక్కన, పుల్లలను థర్మామీటర్లలా పట్టుకుని నిలబడ్డారు. రెండో చరణం వచ్చింది. ఆయన లోపల లెక్క పూర్తయింది, కాని పాట పూర్తికాలేదు. ఆవిడ ఆ ఆఖరి స్వరాన్ని వదలడం లేదు. దాన్ని పట్టుకుని, ఇంకా పైకి తీసుకుపోతున్నది. మాస్టారు జీవితంలో మొదటిసారి లెక్కను వదిలేసి భార్య భుజాల వైపు చూశారు. భుజాలు లేచాయి. నాలుగు పుల్లలూ ఒక్కటిగా పడ్డాయి.

హాలు దద్దరిల్లింది. ఆ మోత మీదుగా ఆవిడ గొంతు లేచి, పైకప్పును తాకి తిరిగి వచ్చింది. సంఘంవారు పాట ముగియకముందే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పెద్దాయన వేదిక దగ్గరికి వచ్చారు. “అమ్మా, ప్రారంభం నీ పాటతోనే. నేనూ ఒకప్పుడు డ్రమ్మరునే. అది రెండు చేతుల పని కాదని వినగానే పసిగట్టాను. కంప్యూటర్ మోసమే అనుకున్నాను గాని, ఇద్దరు వాయించారన్న ఆలోచనే రాలేదు. నన్ను క్షమించండి.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. మాస్టారి అంతరాత్మ మాత్రం ఊరుకోలేదు. “అయ్యా, మీ అనుమానమే నిజం. మీరు పొద్దున విన్నది నేను మౌస్‌తో పెట్టినదే.”

పెద్దాయన పగలబడి నవ్వారు. “ఊరుకోండి మాస్టారూ! ఆవిడ ఊపిరిని కనిపెట్టి కొట్టారు. మౌస్‌తో అయ్యే పనేనా అది?”

“ప్రమాణపూర్వకంగా చెబుతున్నానండీ.”

“మా బావ అంతే సార్,” అన్నాడు తుఫాను. “ఎవరైనా పొగిడితే ఇలాగే తప్పించుకుంటారు.”

ఎదుట అంత బలమైన ప్రత్యక్ష సాక్ష్యం ఉండగా ఒక్క మనిషి మాటను పట్టించుకోనక్కరలేదని తెలిసినవారు కనుక, మాస్టారు ఇక వాదించలేదు.