బొమ్మగారి సీనియారిటీ

మూడు పరీక్షా ప్రయోగాల్లో అంతరిక్షానికి వెళ్ళొచ్చిన రబ్బరు బొమ్మకు సీనియారిటీ ప్రకారం వ్యోమగామిగా ప్రమోషన్ ఇచ్చి, ఖాళీ అయిన బొమ్మ పోస్టులో వింగ్ కమాండర్ కోడూరి మార్కండేయను నియమిస్తూ సోమవారం ఉదయం పదకొండింటికి మానవ అంతరిక్షయాన మండలి ఉత్తర్వులు జారీ చేసింది. కాపీలు అన్ని సెక్షన్లకూ వెళ్ళాయి. క్యాంటీన్‌లో దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోలేదు. ఆ రోజు ఇడ్లీ బాగా కుదిరింది.

ఉత్తర్వుల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సీనియారిటీని చేసిన అంతరిక్ష ప్రయాణాలను బట్టి లెక్కించాలని సర్వీసు నిబంధన. బొమ్మకు మూడు ప్రయాణాలున్నాయి. మార్కండేయకు సున్నా. ఆయన పదకొండేళ్ళు యుద్ధవిమానాలు నడిపాడు గానీ, అవన్నీ మేఘాల కిందా మీదా తిరిగినవే కాబట్టి పరిగణనలోకి రావు. పైగా బొమ్మ మూడేళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదు, పై అధికారికి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. రెండో ప్రయోగంలో పారాచూట్ సరిగ్గా తెరుచుకోక ఎడమకాలు ఊడిపోతే కిమ్మనకుండా కొత్త కాలు కుట్టించుకుంది. ఇంత మంచి రికార్డున్న ఉద్యోగి మండలిలో మరొకరు లేరు. ఉత్తర్వులు వచ్చిన మధ్యాహ్నం నుంచే అందరూ బొమ్మగారు అనడం మొదలుపెట్టారు.

మార్కండేయ ఆ కాగితం పట్టుకుని ప్రణాళికాధికారి నరహరిరావు గదికి వెళ్ళాడు. నరహరిరావు పరీక్షా ప్రయోగాల పట్టిక తయారుచేసే మనిషి. మర్యాదస్తుడు. ఎవరొచ్చినా ముందు కూర్చోమంటాడు.

"సార్, నేను మనిషిని," అన్నాడు మార్కండేయ.

"కాదని ఎవరన్నారండీ? మనం పోస్టు సంగతి మాట్లాడుకుంటున్నాం. నాలుగో పరీక్షలో సీట్లో బొమ్మ ఉండాలని ప్లానులో ఉంది. బొమ్మగారు ఇప్పుడు ఆఫీసరు. పరీక్ష కాని రాకెట్లో ఆఫీసర్ని ఎక్కించి ఆయన ప్రాణానికి ఏమైనా అయితే రేపు జవాబు ఎవరు చెప్తారు?"

"మరి నాకేమైనా అయితే?"

"బొమ్మకు ఏమైనా అయితే దాన్ని పరీక్షా ఫలితం అంటారు, ప్రమాదం అనరు. మీమీద ఎలాంటి రిమార్కూ పడదు," అని ధైర్యం చెప్పి, నరహరిరావు టీ తెప్పించాడు. "అయినా ఆలోచించండి. ఒక్కసారి వెళ్ళొచ్చారంటే మీకూ ఒక ప్రయాణం ఉంటుంది. ఇప్పుడున్నది సున్నా కదా."

మార్కండేయ ఆలోచించాడు. అంతరిక్షంలోకి వెళ్ళిన మనిషి అనిపించుకోవాలన్నది ఆయనకు ఊహ తెలిసినప్పటి కోరిక. దానికోసమే విమానాలు నడిపాడు, దానికోసమే నలభై రెండేళ్ళొచ్చినా పొట్ట రాకుండా చూసుకున్నాడు. ఆ కోరిక ఉన్నవాణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. టీ తాగేసి సంతకం పెట్టాడు.

శిక్షణ ఆరు వారాలు నడిచింది. తల తిప్పకూడదు, గోక్కోకూడదు, అడిగినా మాట్లాడకూడదు. శిక్షకులుగా బొమ్మగారినే వేశారు. ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని అన్నీ చేసి చూపించేవారు. ఆ హాల్లోనే అవతలి వైపు ఫ్లైట్ లెఫ్టినెంట్ నఫీసా మీటల దగ్గర సాధన చేసేది. ఆమెది గుంటూరు, వైమానిక దళంలో మార్కండేయ దగ్గరే పని నేర్చుకుంది. నాలుగో పరీక్ష నెగ్గితే జరిగే అసలు ప్రయోగానికి బొమ్మగారు కమాండర్. ఆయన మీటలు నొక్కరు కాబట్టి, నొక్కడానికి ఆమెను సహాయకురాలిగా వేశారు.

"ఎట్లా ఉందన్నా?" అని ఆమె విరామంలో అడిగింది.

మార్కండేయ జవాబు చెప్పలేదు. శిక్షకులు చూస్తున్నారు.

నాలుగో పరీక్ష అనుకున్న తేదీకే జరిగింది. రాకెట్ బాగానే లేచింది. ఆరో నిమిషంలో మార్కండేయ ఎడమ భుజం పక్కనున్న గాలి వాల్వు మూసుకోవాల్సింది, మూసుకోలేదు. క్యాబిన్లో గాలి బుస్సున బయటికి పోవడం మొదలైంది. చెవులు గడియలు పడ్డాయి. కాసేపు ఆయన బొమ్మలాగే కూర్చున్నాడు. ఆరు వారాల శిక్షణ ఊరికే పోదు. ఆ తర్వాత ప్రాణభయం నిబంధనల మీద గెలిచి, ఎడమ అరచేతిని ఆ రంధ్రానికి అడ్డంపెట్టాడు. పందొమ్మిది నిమిషాల తర్వాత తను కూర్చున్న గుళిక సముద్రంలో పడేదాకా తీయలేదు. అరచేయి పూరీలా పొంగింది.

కంట్రోల్ గదిలో గాలి పీడనం సూచించే ముల్లు ఒకసారి తూలి మళ్ళీ నిలబడింది. పరీక్ష విజయవంతమైందని ప్రకటించి స్వీట్లు పంచారు. బొమ్మ పోస్టు కాబట్టి మార్కండేయకు స్వీటు రాలేదు.

ఆయన నోరు మూసుకుని ఉంటే ఒక ప్రయాణం ఉన్నవాడిగా మిగిలిపోయేవాడు. బొమ్మ కదిలిందంటే పరీక్షే చెల్లదు. రెండు రోజులు తన్నుకులాడాడు. కానీ రేపు ఆ వాల్వు పక్కన కూర్చునేది నఫీసా. ఆమె రెండు చేతులూ మీటల మీద ఉంటాయి. మూడోరోజు వెళ్ళి, కట్టు కట్టిన చేయి చూపించి, జరిగింది జరిగినట్టు నరహరిరావుకు చెప్పేశాడు.

నరహరిరావు నొచ్చుకున్నాడు. వాల్వు మార్చాలంటే ఎనిమిది నెలలు. ప్రయోగం తేదీ అప్పటికే ప్రకటించారు, ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి, మంత్రిగారు కూర్చునే వేదికకు షామియానా కూడా మాట్లాడేశారు. విషయం కమిటీకి వెళ్ళింది. కమిటీ రెండు రోజులు కూర్చుని, పరీక్షలో నెగ్గిన ఏర్పాటును అసలు ప్రయోగంలో ఏమాత్రం మార్చకూడదన్న మండలి మొదటి నియమాన్ని గుర్తుచేసింది. పరీక్షలో నెగ్గింది వాల్వు కాదు, వాల్వూ అరచేయీ కలిసి. కాబట్టి అరచేయి ఉండి తీరాలి. దానికి 4417-బి అని విడిభాగం సంఖ్య ఇచ్చారు. అరచేతికి మార్కండేయ తగులుకుని ఉన్నాడు గనుక ఆయన డెబ్భై ఒక్క కిలోలను కూడా బరువుల పట్టికలో చేర్చారు. దాంతో బొమ్మ పోస్టులో ఆయన పని ముగిసింది. చేసిన ప్రయాణం కూడా విడిభాగం చేసినదిగా సవరించారు.

నఫీసా ఆ కాగితం చదివి ఆయన దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఇదేందన్నా, మీరు మనిషి కదా! కుదరదని రాసియ్యండి. నేనూ సంతకం పెడతా."

"నేను రానంటే తేదీ మారదమ్మా. చేయి లేకుండా పంపిస్తారు నిన్ను."

తేదీ మారదన్నది ఆమెకూ తెలుసు. మార్కండేయకు ఏడుపొచ్చింది. భవనం వెనక్కి వెళ్ళి ఏడ్చి వచ్చాడు.

ప్రయోగం రోజు బొమ్మగారు తెల్లని సూటులో, నఫీసా చేయి పట్టి నడిపిస్తుండగా, కెమెరాల ముందు నిచ్చెన ఎక్కారు. మార్కండేయను ముందు రోజే బిగించారు. ఆయనకు సీటు లేదు, గోడకు మూడు పట్టీలు. అంతరిక్షంలో రెండు రోజులుండాలి. భోజనాల పట్టికలో విడిభాగాలకు వరస లేదు గానీ, కమాండర్ పులిహోర పొట్లాలు అలాగే మిగిలిపోతున్నాయి. వాటిని వెనక్కి తేకూడదని నిబంధన ఉంది. నఫీసా వాటిని విప్పి ముద్దలు చేసి మార్కండేయ నోట్లో పెట్టింది. కుడిచేత్తో తినొచ్చు కదా అంటే, కుడిచేయి ఏ జాబితాలోనూ లేదని అది కూడా పట్టీలోనే కట్టేశారు.

మంత్రిగారు నేల మీది నుంచి టీవీలో మాట్లాడారు. ఇంతటి ప్రమాదకరమైన ప్రయాణంలో కూడా బొమ్మగారి ముఖంలో బెదురు కనిపించలేదని, ప్రతి ఉద్యోగీ ఆయన్ని చూసి నేర్చుకోవాలని అన్నారు. ఆ మాటకు దేశమంతా చప్పట్లు కొట్టింది. తెర మూల మార్కండేయ మోచేయి కాస్త కనిపిస్తే, అది గాలి పీడనాన్ని నిలబెట్టే స్వదేశీ పరికరమని వ్యాఖ్యాత వివరించాడు. కిటికీ ఆయనకు వెనకవైపు ఉంది. నఫీసా కింద కనిపించేది చెప్తూ వచ్చింది. "ఇప్పుడు సముద్రమన్నా. ఇప్పుడు మన తీరం లాగుంది." ఆయన గోడకేసి చూస్తూ ఊఁ కొట్టాడు. వాల్వు రెండు రోజులూ మూసుకోలేదు. పీడనం ఒక్క గీత తగ్గలేదు.

గుళిక సముద్రంలో క్షేమంగా దిగింది. పడవలు చుట్టుముట్టాయి, బ్యాండు మొదలైంది. ముందు బొమ్మగారిని దించి దండ వేశారు. గుళికను కడిగి మళ్ళీ నాలుగు ప్రయోగాలకు వాడుకోవాలని నిర్ణయమైనట్టు నరహరిరావు మైకులో ప్రకటిస్తున్నాడు. తలుపులోంచి ఉప్పుగాలి ధారాళంగా లోపలికి వస్తోంది.

నఫీసా వెనక్కి తిరిగింది. "దిగిపోయాం అన్నా. ఇంక చెయ్యి తీసెయ్యండి."

మార్కండేయ అరచేయి అలాగే అదిమి ఉంచాడు. "తీస్తే విడిభాగం ఫెయిలైందని రాస్తారమ్మా. మీ ప్రయోగం కూడా చెడుతుంది."

ఆమె తలుపు దగ్గర నిలబడి కాసేపు ఆలోచించింది. అదీ నిజమేననిపించింది. ఆయన నుదుటి చెమట తుడిచి, తలుపు తనే దగ్గరగా వేసి దిగింది.