తొంభై శాతం వాన

ఆ రోజు పొద్దున ఆకాశం తోమి బోర్లించిన కంచుపళ్ళెంలా ఉంది. పదకొండు రోజుల ఆషాఢపు ముసురు రాత్రికి రాత్రే ఎవరో ఎత్తుకుపోయినట్టు పోయింది. కొండ మీద ఒక్క మబ్బుతునక లేదు. కన్నడసీమలో సిర్సి వైపు పల్లెల్లో వానాకాలం మధ్య ఇలాంటి పొద్దు ఒకటో రెండో వస్తాయి, అంతే.

అయినా దాన్ని ఎవరూ చూడలేదు. ఎందుకు చూడాలి? చేతిలో ఫోన్ ఉన్నవాడికి ఆకాశంతో పనేముంది? మెడ ఎత్తాలి, కళ్ళు చికిలించాలి, ఆపైన సొంతంగా ఆలోచించాలి. ఇన్ని బాధలు తప్పించిన యంత్రాన్ని మెచ్చుకోకపోతే మనంతటి కృతఘ్నులు ఉండరు. నమ్మకం కుదరకపోతే సుబ్రాయ హెగ్డే అరుగు మీద జరిగింది వినండి.

సుబ్రాయకు ఉన్నది ఒకే ఒక పోకతోట. నిరుడు వేళకు మందు పడక కుళ్ళు తెగులు సోకి సగం కాయ నేల రాలింది. తోటలో నడిస్తే కాలికింద చితికి కంపు కొట్టేది. ఆ కంపు ఆయన ముక్కులోంచి ఇంకా పోలేదు. ఈసారి ఎలాగైనా మైలుతుత్తం, సున్నం కలిపిన నీలిమందు గెలల మీద పడాలి. దానికి వాన లేని పూట ఒకటి కావాలి, చెట్టెక్కే కెరియప్ప కావాలి. ఒక పోకచెట్టు కొసనుంచి ఇంకో చెట్టుకు ఊగి అందుకుంటూ, నేల మీద కాలు పెట్టకుండా తోటంతా చుట్టివచ్చే మనిషి నాలుగు ఊళ్ళకు అతనొక్కడే.

ఆ పొద్దున రెండూ కలిసివచ్చాయి. సుబ్రాయ తెల్లారేసరికే డ్రమ్ములో మందు కలిపి, దాన్ని పైకి కొట్టే మోటారు సిద్ధం చేశాడు. కలిపిన మందు మర్నాటికి పనికిరాదు. కెరియప్ప నడుముకు తాడు చుట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

అంతలో మిత్రులు వచ్చారు. తమలపాకుల పళ్ళెం ఉన్న అరుగుకు మిత్రుల కరువుంటుందా? ఒకడు గజానన. ఊళ్ళో కంప్యూటర్ ఉన్నది అతని ఇంట్లోనే కాబట్టి సమస్త యంత్రాలకూ అతనే వైద్యుడు. రెండోవాడు పక్కతోట విఘ్నేశ్వర. అందరికంటే పెద్ద ఫోన్ అతనిది.

"గజానన బావా, మా ఇంట్లో మిక్సీ తిప్పితే టీవీలో గీతలొస్తున్నాయి. ఏంటంటావు?" అన్నాడు విఘ్నేశ్వర, ఆకుకు సున్నం రాస్తూ.

"ఆఫ్ చేసి ఆన్ చెయ్."

"దేన్ని?"

"రెండింటినీ."

సుబ్రాయ కూడా ఒక సందేహం అడిగాడు. "ఫోన్‌లో సొసైటీ ఖాతాలోకి పోదామంటే పాస్‌వర్డ్ తప్పంటోంది బావా."

"ఏం పెట్టావు?"

"అదే గుర్తులేదు."

"అయితే గుర్తు చేసుకో."

చూశారా? పట్నంలో ఏ ఇంజనీరు ఇంత సూటిగా చెబుతాడు?

ఇలా గంట గడిచాక సుబ్రాయ లేచి తోటవైపు తిరిగాడు. విఘ్నేశ్వర ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "ఆగు. తొమ్మిదిన్నరకు వాన. తొంభై శాతం" అన్నాడు.

కెరియప్ప తల పైకెత్తి చూశాడు. "మధ్యాహ్నం దాకా చుక్క పడదయ్యా."

"నీకు ఉపగ్రహం ఉందేంట్రా కెరియప్పా?"

"లేదయ్యా. రెండు కళ్ళున్నాయి."

"అదే నేననేది. నీ కళ్ళు ఆ కొండ దాకే. ఇది పైనుంచి చూస్తుంది."

"నా దాంట్లో అరవయ్యే అంటోందే" అన్నాడు గజానన.

తొంభైకీ అరవైకీ మధ్య చర్చ నడిచింది. చివరికి డెబ్భై అయిదు దగ్గర రాజీ కుదిరింది. గుమ్మంలోంచి సుబ్రాయ భార్య గౌరి, "ఏమండీ, పనస అప్పడాలు పెళపెళా ఎండుతున్నాయి" అంది.

"లోపల పెట్టెయ్యక్కా, తడుస్తాయి" అన్నాడు గజానన, ఫోనులోంచి తల ఎత్తకుండా.

తొమ్మిదిన్నర అయింది. ఎండ చురుక్కుమంది. విఘ్నేశ్వర లేచాడు. "ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు. మా పెరటిగట్టు మీద బాగా దొరుకుతుంది. రాడార్ బొమ్మ చూసొస్తా. నేనొచ్చేదాకా వీణ్ణి చెట్టెక్కించకు సుబ్రాయా. మందు కొట్టుకుపోతే నీకే నష్టం."

పరుల నష్టం గురించి ఇంతగా బెంగపడే పొరుగువాడు ఎందరికి దొరుకుతాడు?

కాసేపటికి కెరియప్ప కూడా లేచాడు. "పని లేకపోతే పోతానయ్యా. రేపటినుంచి పైఊళ్ళు. మళ్ళీ రావడం పన్నెండో రోజే."

సుబ్రాయ గజానన వైపు చూశాడు. గజానన ఫోన్ వైపు చూశాడు. ఫోనులో చక్రం తిరుగుతోంది.

"సరే, వెళ్ళు" అన్నాడు సుబ్రాయ.

పది, పదకొండు, పన్నెండు. ఆకాశం అలాగే ఉంది. గజానన ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాడు, అయినా వాన రాలేదు. పక్కతోట వైపునుంచి మోటారు చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"ఏంటది?" అన్నాడు సుబ్రాయ.

"ఎవరిదో మిక్సీ" అన్నాడు యంత్రవైద్యుడు.

ఒంటిగంటన్నరకు కొండ నల్లబడింది. రెండు గంటలకు వాన కుండపోతగా దిగింది. గొడుగు మూసుకుంటూ విఘ్నేశ్వర అరుగెక్కాడు. "నే చెప్పలేదూ? తొంభై శాతం."

చెప్పాడు, కాదనలేం. ఫోన్ కూడా అబద్ధం చెప్పలేదు, కాస్త ముందుగా చెప్పింది, అంతే. ఒకడి ఫోన్ పదిమంది తలలు దించితే, ఆ ఒకడు తీరిగ్గా తల ఎత్తుకోవచ్చు. యంత్రం మీద నాకే ఫిర్యాదూ లేదు.

మందు కొట్టే రోజు పొద్దున అరుగెక్కినవాణ్ణి భోజనం పెట్టకుండా పంపే ఆచారం ఆ ఊళ్ళో లేదు. మందు పడినా పడకపోయినా వంట అయింది కదా. గౌరి మూడు అరిటాకులు వేసింది. తెల్లటి అన్నం మీద తెల్లటి తంబుళి, చల్లగా, మజ్జిగ వాసనతో పోసింది.

విఘ్నేశ్వర చెయ్యి అన్నంలోకి వెళ్ళింది. బాగానే కడుక్కుని వచ్చాడు. కానీ గోళ్ళ సందుల్లో మైలుతుత్తపు నీలం అలాగే ఉంది.

గౌరి గరిటె ఒక్క క్షణం ఆగింది. సుబ్రాయ ఆ వేళ్ళను చూశాడు, పశువుల కొట్టం పక్కన నిండుగా ఉండిపోయిన తన డ్రమ్మును చూశాడు, తన ఆకు వైపు చూసుకున్నాడు. గజానన కూడా చూశాడు. ఈసారి ఏది ఆఫ్ చేయమనాలో అతనికి తోచలేదు.

గౌరి విఘ్నేశ్వర ఆకులో ఇంకో గరిటె తంబుళి పోసింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.