అమరేందర్ బిగించిన కంప్యూటర్

శనివారం మధ్యాహ్నానికల్లా పరీక్ష పేపర్లన్నీ టైపు చేసి ముగించి, ఆ తర్వాత కాసేపు నడుం వాల్చాలన్నది అమరేందర్ ఆలోచన. దేవరకొండలో భార్య శోభ పాఠాలు చెప్పే బడికి ఆ పేపర్లు సాయంత్రంలోగా అందాలి. శోభ పొద్దున్నే బడికి పోయింది. అతను కంప్యూటర్ ఆన్ చేశాడు. రెండు నిమిషాలు వెలిగి ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆగిపోయింది.

దుకాణంలో తయారుగా ఉన్నది కొనమని శోభ చెప్పినా వినకుండా, విడిభాగాలు తెచ్చి తన చేత్తో బిగించుకున్న కంప్యూటర్ అది. కాబట్టి తిట్టడానికి ఎవరూ లేరు. ప్లగ్గు మార్చాడు. తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాడు. ఓపిక అయిపోయాక, ఆ భాగాలు ఇప్పించిన నల్గొండ దోస్తు గిరికి ఫోన్ చేశాడు. ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు కనుక డాబా మెట్ల మీద నిలబడి గట్టిగా మాట్లాడాడు.

"లేస్తాంది గిరీ. రెండు నిమిషాలు మంచిగనే ఉంటాంది, మల్ల పడిపోతాంది. ఆ, చెయ్యి పెట్టి చూసిన, కాలిపోతాంది. పొద్దుగాల్నుంచి పక్కనే కూసున్న, ఛాయ్ గూడ తాగలె. దానికేమన్నయితే నేను ఆగమైపోత."

డాబా మీద బట్టలారేస్తున్న ఇంటి ఓనరమ్మ భద్రమ్మకు ఆ మాటలన్నీ వినపడ్డాయి. శోభ బడికి పోవడం ఆమె చూడలేదు. తలుపు తట్టి అడిగితే బాగుండదనుకుని, పక్క ఊళ్లో ఉన్న శోభ తల్లి యాదమ్మకు ఫోన్ చేసింది. యాదమ్మ కూతురికి చేసింది. బడిలో పాఠం చెబుతున్న శోభ ఫోన్ ఎత్తలేదు. ఇక యాదమ్మకు ఏ అనుమానమూ మిగల్లేదు. కొడుకు బీరన్న, గొర్రెలను సంతకు తోలే ట్రాలీ ఆటోలో పరుపు వేసి, తల్లిని ఎక్కించుకుని బయలుదేరాడు.

ఈలోగా అమరేందర్ కంప్యూటర్ పెట్టె పక్క మూత విప్పి చూశాడు. లోపలి చిన్న ఫ్యాను తిరగడం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ తెచ్చి దానికి ఎదురుగా పెట్టాడు. ఇక అది ఆగిపోకుండా నడిచింది. అతను తల ఎత్తకుండా టైపు చేస్తుండగా యాదమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఛాయ్ గూడ తాగకుండ పక్కనే కూసున్నవట బిడ్డా. నీ అసొంటోడు ఎందరికి దొరుకుతడు" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తన కంప్యూటర్ మీద అత్తకు ఇంత ప్రేమ ఉందని అమరేందర్‌కు ఇన్నాళ్లూ తెలియదు. అలసిపోయిన మనసు కాస్త కుదుటపడింది.

"ఫికర్ చెయ్యకు అత్తమ్మా. ఇప్పుడు జర నయమే. మూత ఇప్పి లోపల దుమ్ము దులిపిన. గాలి ఆడుతాంది."

యాదమ్మ కొడుకు వైపు చూసింది. బీరన్న గదంతా చూశాడు.

"అక్క ఏది బావా?"

"బడికి పోయింది."

"గిట్లుంటే బడికెట్ల తోలినవు?"

అమరేందర్ జవాబు చెప్పేలోపే, ఒంటిపూట బడి ముగించుకుని వచ్చిన శోభ గుమ్మంలో నిలబడింది. వెనకాలే భద్రమ్మ, జావ గిన్నెతో. ఎవరు ఏం విన్నారో, ఏమనుకున్నారో తేలడానికి కొంచెం సేపు పట్టింది. తేలాక భద్రమ్మ నవ్వింది, బీరన్న నవ్వాడు, చివరకు యాదమ్మ కూడా నవ్వింది. శోభ నవ్వలేదు.

"పోయిన నెల నాకు జరమొస్తే, గీ కుర్చీలకెళ్లే గోలి ఏసుకొమ్మన్నవు" అంది నెమ్మదిగా. "తల గూడ తిప్పలె."

వచ్చినవాళ్లంతా చెమటలు తుడుచుకుంటున్నారని అమరేందర్ అప్పుడు గమనించాడు. ఫ్యాను వాళ్ల వైపు తిప్పుదామని చెయ్యి చాపాడు. పేపర్లు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. శోభ అదీ చూసింది.

"తమ్మీ, బండి ఎట్లాగూ వచ్చింది. అమ్మ దగ్గర నాలుగు దినాలుండి వస్త" అంది. భద్రమ్మ తెచ్చిన జావ నిలబడే తాగి, పోయి ట్రాలీలో పరుపు మీద కూర్చుంది. అమరేందర్ గేటు దాకా వెళ్లి ఏదో అన్నాడు. ఆటో చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.

సాయంత్రానికి పేపర్లన్నీ పూర్తయ్యాయి. బడి ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, "తప్పులేమన్న ఉన్నయా, శోభ మేడం చూసిందా?" అని అడిగాడు.

మేడం పుట్టింటికి పోయిందనీ, తప్పులన్నీ చూసే పోయిందనీ అమరేందర్ చెప్పాడు.